కటింగ్ మాస్టర్ పెట్టిన పథ్యం

కుట్టుపనిలో పేరంతా పై చేతిదే. సూది పట్టేదీ, దారం లాగేదీ, చూసేవాళ్ల కళ్లలో పడేదీ ఆ చెయ్యే. గుడ్డ కింద దాక్కున్న ఎడమ చేతి వేలి సంగతి ఎవరూ అడగరు. నిజానికి సగం పని దానిదే. సూదిమొన గుడ్డని దాటి ఎక్కడ తేలిందో కంటికి కనపడదు, కింద వేలికి తగలాలి. తగిలీ తగలనట్టు తగలగానే ఆ వేలు దాన్ని మళ్లీ పైకి తోస్తుంది. పొడుచుకుంటుందని తొడుగు తొడిగితే వేలు గుడ్డిదైపోతుంది, కుట్టు వంకరపోతుంది. అందుకే పాతకాలం పనివాళ్లు కొత్తగా ఎవరైనా పని అడగడానికి వస్తే ముందు ఎడమ చూపుడువేలు చూపించమనేవారట. అది నున్నగా ఉంటే టీ ఇచ్చి పంపేసేవారు.

కాజాల అక్క వేలు చూసి ఎవరూ టీ ఇచ్చి పంపలేదు. ఆ వీధిలో అందరికీ ఆవిడ అక్కే, తనకంటే పెద్దవాళ్లకి కూడా. కోటుకి గుండీ పట్టే కాజా కుట్టాలన్నా, పట్టుబట్ట అంచు కనపడకుండా మడిచి కుట్టాలన్నా పెద్ద పెద్ద దుకాణాలవాళ్లు ఆ ఇరుకు మెట్లెక్కి రావలసిందే. కింద గుండీలూ దారాలూ అమ్మే దుకాణం. పైన వెనక వంటగదీ పడగ్గదీ, ముందు వీళ్ల పనిగది. గదికి ఒకటే పెద్ద కిటికీ, కిటికీ పక్కన ఆవిడ కుర్చీ. మధ్యలో నడుమెత్తు బల్ల, దాని చుట్టూ సుద్దముక్క చెవిలో పెట్టుకుని ఆవిడ భర్త ప్రదక్షిణలు. ఆయన్ని వీధంతా కటింగ్ మాస్టర్ అనేది. గీత గీసి కొయ్యడం ఆయన పని, ఆ గీత వెంట కుట్టుకుంటూ పోవడం ఆవిడ పని. పెళ్లయిన నాటి నుంచీ అంతే. పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఇద్దరూ మాట్లాడుకోగా ఎవరూ వినలేదు కానీ, వాళ్ల పోట్లాటలు మాత్రం కింద దుకాణానికి వచ్చినవాళ్లు కాసేపు ఆగి మరీ వినేవారు.

ఒకరోజు ఆవిడ దారపు ఉండలు తెచ్చుకోవడానికి కిందికి వెళ్లి, పైకి వచ్చి, కుర్చీలో కూలబడింది.

"ఏవండీ, లోపల ఎవరో దారం తెగిన మిషను తొక్కుతున్నారు."

"ఎవరే?"

"ఎవరో తెలిస్తే దింపేసేదాన్ని కదా."

మాస్టర్ నవ్వుతూనే వచ్చి మణికట్టు మీద వేళ్లు పెట్టాడు. గది ఈ చివర ఉండి ఆ చివర మిషను చప్పుడు విని, సూది మొద్దుబారిందో లేదో చెప్పగల మనిషి. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. పాత వైద్యులు నాడిని కప్ప గెంతుతోనూ, పాము పాకుడుతోనూ, హంస నడకతోనూ పోల్చేవారు. ఆ మూడు ప్రాణులూ తమ తమ పద్ధతిలో క్రమం తప్పనివే. మాస్టర్ వేళ్ల కింద ఉన్నది ఆ మూడూ కాదు. సంతలో తప్పిపోయిన పిల్లాడి నడక. నాలుగడుగులు పరుగు, ఆగి వెనక్కి చూడడం, మళ్లీ పరుగు.

పెద్దాసుపత్రిలో గుండె డాక్టరమ్మ చిన్నపిల్ల. వీళ్ల దుకాణం వయసంత కూడా ఉండదు. గుండె గీతల కాగితం బల్ల మీద పరిచి, మాస్టర్ వైపు తిప్పి చూపించింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంది. గుండెలో పై గదులు రెండూ పిండవలసినట్టు పిండకుండా ఊరికే వణుకుతున్నాయనీ, అలా వణికే చోట రక్తం కదలక మూలన నిలబడిపోతుందనీ, నిలబడ్డ రక్తం గడ్డకడుతుందనీ, ఆ గడ్డ కదిలి మెదడుకి పోతే పక్షవాతమనీ చెప్పింది. దడ తగ్గడానికి ఒక బిళ్ల, రక్తం గడ్డకట్టకుండా ఒక బిళ్ల రాసింది.

"పథ్యం ఏమైనా ఉందాండీ?" అన్నాడు మాస్టర్. బిళ్లల గురించి విన్నంతసేపూ ఆయన అయోమయంగానే ఉన్నాడు. తన చేతిలో ఉండే పని ఏదైనా దొరుకుతుందేమోనని చూస్తున్నాడు.

"ఉంది. ఉప్పు తగ్గించాలి. బరువు తగ్గాలి. రోజూ నడవాలి. కంటినిండా నిద్రపోవాలి. బీపీ చూపించుకుంటూ ఉండాలి. మందు అలవాటుంటే మానెయ్యాలి."

"ఆవిడకి లేదండి."

"మీకు?"

"నా గుండె బాగానే ఉందండి."

"ఉంటే కదండీ బాగోకపోవడానికి," అంది కాజాల అక్క.

డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వి, మళ్లీ మామూలు గొంతుతో అంది. "పథ్యంతో దడ తగ్గొచ్చు. చాలామందికి తగ్గుతుంది కూడా. దడ తగ్గింది కదా అని రక్తం బిళ్ల మాత్రం మానకూడదు. రెండూ వేరువేరు సంగతులు. మానాలనిపిస్తే ముందు నన్నడగండి."

మాస్టర్ తల ఊపాడు. తల ఊపడం వేరు, తలకెక్కడం వేరు.

ఆ మర్నాటి నుంచి వంటగది ఆయన చేతుల్లోకి పోయింది. ఉప్పు డబ్బా అటక ఎక్కింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా స్టవ్వు మీద మరుగుతూ నల్లబడే టీ గిన్నె బోర్లపడింది. బజారు నుంచి ఆయన ఏవేవో ఆకులూ గింజలూ తెచ్చేవాడు. వాటిని బల్ల మీద పోసి, చొక్కా ముక్కలు వేరుచేసినట్టు వేరుచేసేవాడు. పాత పుస్తకాల అంగళ్లలో ఆహారం మీద కనపడ్డ పుస్తకమల్లా కొని, కళ్లజోడు నుదుటికి ఎత్తుకుని, అక్షరం అక్షరం చదివేవాడు.

"ఏంటిది?" అనేది ఆవిడ గిన్నెలోకి చూసి.

"సూప్."

"కూరగాయలు స్నానం చేసిన నీళ్లనుకున్నా."

"తాగి చూడవే, ప్రాణం లేచొస్తుంది."

"లేచొచ్చి ఉప్పడుగుతుంది. అప్పుడేం చెప్తారు?"

అంటూనే తాగేది. ప్రతి గిన్నెకీ ఒక ప్రశ్న, ప్రతి చెంచాకీ ఒక మాట. రొట్టెముక్క తూచినట్టు కోసిపెడితే, "చొక్కాకైనా కాస్త లూజు వదులుతారు కదండీ, నా పొట్టకి అదీ లేదా," అనేది. మాస్టర్‌కి కోపం వచ్చేది కాదు. వంట చేస్తున్నంతసేపూ ఆవిడ ఇవాళ ఏమంటుందోనని లోలోపల ఎదురుచూసేవాడు. ఏమీ అనకుండా తింటే ఒంట్లో బాగోలేదేమోనని బెంగ.

సాయంత్రాలు నడక. వీధి చివర నుంచి రైలు గేటు దాకా, అక్కడి నుంచి వెనక్కి. అన్నేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ పక్కపక్కన నడిచింది తక్కువ. ఆయన ముందు, ఆవిడ వెనక. మొదటిరోజు గేటు దగ్గర ఆయన వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ సగం దారిలో నిలబడి ఉంది.

"నడవవే."

"నేనేమన్నా మీ సూది వెనక లాక్కుపోయే దారాన్నా? వెనక్కి రండి."

వెనక్కి వచ్చాడు. ఆవిడ అడుగులో అడుగు కలపడం ఆ వయసులో నేర్చుకున్నాడు. తీర్థయాత్రలు చేసి లోకం చూశామనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక మనిషి పక్కన ఆ మనిషి వేగంతో రైలు గేటు దాకా నడవడం కూడా చిన్న యాత్రేమీ కాదు. ఆ దారిలోనే ఆవిడ, పెళ్లికి ముందు తనకి ఈత వచ్చేదని చెప్పింది. ఆయనకి తెలియదు. నీళ్లంటే తనకి భయమని ఆయన చెప్పాడు. ఆవిడకి తెలుసు.

బరువు తగ్గింది. దడ మొదట వారం తప్పి వారం వచ్చేది, తర్వాత అప్పుడప్పుడు, తర్వాత ఎప్పుడో. డాక్టరమ్మ పరీక్ష చేసి, "ఇంత శ్రద్ధగా చేసేవాళ్లని నేను చూడలేదు," అంది. ఆ మాట మాస్టర్ కింద దుకాణంలోనూ చెప్పాడు, ఇస్త్రీ బండి దగ్గరా చెప్పాడు. ఇంట గెలిచినవాడు రచ్చ గెలవక ఊరుకుంటాడా? బీపీ ఉన్నవాళ్లూ, షుగర్ ఉన్నవాళ్లూ, ఏమీ లేకపోయినా ఉందేమోనని భయపడేవాళ్లూ మెట్లెక్కి వచ్చి ఆయన్ని పథ్యం అడిగి పోయేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కొలత టేపు మెళ్లో వేసుకుని ఆయన చెప్తూ ఉంటే కాజాల అక్క తలెత్తకుండా కుట్టుకుంటూ, "ఆయనకి డాక్టరు పట్టా రేపో మాపో వస్తుంది, కుట్టు వేసి ఇవ్వడమే తరువాయి," అనేది.

కింది దుకాణంలో గుండీలాయన అప్పటికే ఒక అలమార ఖాళీ చేసి అందులో సీసాలు పెట్టాడు. చేపనూనె నింపిన గొట్టం మాత్రలు, వెల్లుల్లి గొట్టాలు, పసుపు సారం గొట్టాలు, ఏదో దూరదేశపు చెట్టు ఆకు గొట్టాలు. మోసగాడేం కాదు. తన తల్లికి కూడా అవే వేసేవాడు.

"ఇవి మందులు కావు మాస్టారూ. తిండే. చేపని సీసాలో పెట్టారంతే."

"చేపనే తినొచ్చు కదా, సీసా ఎందుకు?" అంది ఆవిడ పై నుంచి వంగి చూసి.

"అక్కా, రోజుకి అన్ని చేపలు తింటారా మీరు?"

"ఆయన వండితే ఒకటి కూడా తినను."

మాస్టర్ సీసాలు తెచ్చాడు. పథ్యం ఇంత చేసింది, దానికి తోడు ఇవి కూడా ఉంటే గట్టిపడుతుంది కదా అనుకున్నాడు. మంచిదానికి మంచిది కలిపితే మరింత మంచిదవుతుందని నమ్మడంలో ఆయన ఒంటరివాడు కాదు. బంగారం చేస్తామని రాళ్లు కరిగించినవాళ్ల దగ్గర నుంచి ఎంతోమంది మేధావులు ఆ నమ్మకంతోనే బతికారు. తర్వాతి పరీక్షలో డాక్టరమ్మ, "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అనడిగితే, "లేదండి," అన్నాడు. అబద్ధం అనుకుని చెప్పింది కాదు. సీసాలు వంటగదిలో కూరగాయల బుట్ట పక్కన ఉన్నాయి. బిళ్లలు పడగ్గదిలో సొరుగులో ఉన్నాయి. ఆయన దృష్టిలో ఇది ఒక ఇల్లు, అది వేరే ఇల్లు.

ఆ సంవత్సరమే ఒక పాటల బృందం వాళ్లు తెల్ల పట్టు అంగీలు కుట్టమని వచ్చారు. మెడచుట్టూ, చేతుల అంచుల చుట్టూ అంతా చేతికుట్టే. కాజాల అక్కకి పట్టు కొత్త కాదు. కానీ ఆ పట్టు పాలమీగడలా ఉంది, ఊదితే చాలు మచ్చపడేలా. మొదటి అంగీ మెడ సగం కుట్టిందో లేదో, ఎర్రటి చుక్క.

కుట్టుపనివాళ్లకి దీనికో చిట్కా ఉంది. ఎవరి రక్తపు మచ్చని వాళ్ల ఉమ్మే తీస్తుందంటారు. తెల్లదారం ముక్క నోట్లో వేసుకుని నమిలి, ఆ తడితో మచ్చ మీద అద్దుతారు. ఆవిడ అలాగే చేసింది, పోయింది. ఇంకో చుక్క. మళ్లీ దారం నమిలింది. కింద వేలు సూదిమొనకి తగిలినప్పుడల్లా ఇదివరకు ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు తగిలిన చోటల్లా ఆవగింజంత రక్తం, తుడిచినా ఆగడం లేదు. మోచేతి దగ్గర దేనికి తగిలిందో తెలియని నల్లటి కమిలిన మచ్చలు. ఒక అంగీ ముందుభాగం పాడైంది. మాస్టర్ ఇంకో ముక్క కోశాడు. అదీ పాడైంది.

ఆవిడ సూది పక్కన పెట్టి వేలు చీరకొంగుతో నొక్కిపట్టుకుని కూర్చుంది. ఎప్పుడూ లేనిది, కళ్లలో నీళ్లు.

"నా చెయ్యి అయిపోయిందండీ."

"చెయ్యి కాదు, ఆ బిళ్ల," అన్నాడు మాస్టర్. బిళ్లల పెట్టెలో మడతలు పెట్టి ఉండే కాగితం తెచ్చి కిటికీ వెలుతురులో పట్టుకుని చదివాడు. రక్తస్రావం కావచ్చు అని చీమతలంత అక్షరాల్లో ఉంది. "ఇదిగో, వాళ్లే రాశారు. దొంగ దొరికాడు."

"డాక్టరమ్మ మానొద్దంది కదా?"

"అది దడ ఉన్నప్పటి మాట. ఇప్పుడు దడేది? నీ గుండె నా కత్తెర కంటే బాగా ఆడుతోంది."

"ఒకసారి వెళ్లి అడుగుదామా?"

"అడిగితే ఏమంటుంది, వేసుకోమంటుంది. పాపం ఆవిడకి మందులే తెలుసు, పథ్యం సంగతి ఏం తెలుసు? ఈ పని అయ్యేదాకా ఆపు."

"మీరు చూసుకుంటారా?"

"నేను చూసుకుంటా."

అంతే. ఇన్నేళ్లలో ఆయన గీసిన గీత మీద అనుమానపడి ఆవిడ ఒక్క కుట్టూ వెయ్యలేదు.

బిళ్ల మానగానే రక్తం తగ్గింది. పూర్తిగా ఆగలేదు కానీ తగ్గింది. "చూశావా," అన్నాడు మాస్టర్. అంగీలు పూర్తయ్యాయి. పాటల బృందం వాళ్లు వేసుకుని చూసుకుని, అంచుల్లో కుట్టు ఎక్కడుందో వెతికి, కనపడక నవ్వుకున్నారు. తర్వాత బిళ్ల మళ్లీ మొదలుపెట్టాలి. రేపు చూద్దాం అనుకున్నారు. రేపుకి ఇంకో పని వచ్చింది, అది కూడా తెల్లటిదే. నడక సాగుతూనే ఉంది, దడ లేదు, ఆవిడ మెట్లు ఆయాసపడకుండా ఎక్కుతోంది. బిళ్ల లేని లోటు తీరుతుందని మాస్టర్ చేపనూనె గొట్టం ఇంకొకటి పెంచాడు.

అది ఒక పొద్దుటిపూట. ఆవిడ నల్ల కోటుకి కాజాలు కుడుతోంది. ఆయన బల్ల మీద సుద్దతో గీతలు గీస్తూ మాట్లాడుతున్నాడు. ఆవిడ అక్కగారు ఎన్నాళ్లుగానో రమ్మంటోంది, వెళ్తే ఆ ఇంట్లో ఉప్పు ఎంత వేస్తారో, నెయ్యి ఎంత పోస్తారో, ఎలా తప్పించుకోవాలో, ఇదీ గొడవ. ఆవిడ బదులు చెప్పలేదు. అలిగిందనుకున్నాడు. ఆవిణ్ణి ఉడికించడానికి ఇంకాస్త మాట్లాడాడు. "మీ అక్క చేతి వంట తిని వస్తే నిన్ను మళ్లీ మొదటి నుంచి కొలవాలి," అన్నాడు. దానికీ బదులు లేదు. కోటు ఆవిడ ఒడిలోంచి జారి నేలమీద పడింది. గుడ్డని నేలకి తగలనివ్వని మనిషి.

"కింద పడింది చూసుకో," అన్నాడు తలెత్తకుండానే.

తలెత్తి చూస్తే ఆవిడ ఆ కోటుని ఎవరిదో అన్నట్టు చూస్తోంది. నోటి చివర ఒక పక్క కిందికి జారింది. ఏదో చెప్పబోయింది. వచ్చిన శబ్దంలో మాట లేదు.

గుండీలాయనా, ఇస్త్రీ ఆయనా కుర్చీతో సహా ఎత్తి ఆ ఇరుకు మెట్లు దింపారు. మాస్టర్ వెనకే దిగబోతూ, ఎందుకో, కోటు తీసి మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆసుపత్రిలో కూడా అది ఆయన చంకలోనే ఉంది. తను ఆవిడతో మాట్లాడుతూ ఉండిపోయిన ఆ కాసేపట్లో ఎంత పోయిందోనని, ఆ తర్వాత ఎంత ఆలోచించినా ఆయనకి అంతు చిక్కలేదు.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు ఈడుస్తుంది, మాట పోయింది. వినపడుతుంది, అర్థమవుతుంది, బదులు మాత్రం లేదు. కబురు అందుకుని అక్కగారు వచ్చింది. వరండాలో మాస్టర్ చెప్పినంతా విని, అలవాటుగా అనేసింది. "అంతేలే మరిదీ, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని..." అని, మాట మధ్యలో తనే ఉలిక్కిపడి నోటిమీద చెయ్యి వేసుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

డాక్టరమ్మ ఆయన్ని గదిలోకి పిలిచి, ఈసారి ప్రశ్న మార్చి అడిగింది. "ఇంట్లో ఆవిడ ఏమేం మింగుతారు? మందులనే కాదు. నూనెలు, పొడులు, గొట్టాలు, ఏవైనా."

చెప్పాడు. ఒక్కొక్కటే చెప్పాడు. చెప్తుండగానే డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

"ఎప్పటి నుంచి?"

"అంగీల ముందు నుంచి."

ఆ పిల్ల అప్పటిదాకా రాసిన చిట్టా ఆయన వైపు తిప్పింది. "ఇవన్నీ కొద్దో గొప్పో రక్తాన్ని ఆగనివ్వవు. బిళ్లతో కలిస్తే మరీనూ. బిళ్ల ఒక్కటే ఉన్నప్పుడు వేలు అంత కారిందా?"

గుర్తు చేసుకున్నాడు. లేదు. బిళ్ల మొదలుపెట్టాక ఎన్నో నెలలు ఆవిడ కుట్టింది. సీసాలు వచ్చాకే వేలు కారడం మొదలైంది.

"ఈ గొట్టాలు ఆపి ఉంటే సరిపోయేదేమో. చేపనూనె మోతాదు పెరిగితే కొందరిలో ఈ దడే పెరుగుతుందని కూడా తేలింది. ఆపాల్సింది ఉంచి, ఉంచాల్సింది ఆపారు. రక్తాన్ని పల్చన చేస్తాయి కదా అని వాటిని నమ్ముకోవడానికీ లేదు. గుండెలో గడ్డకట్టేదాన్ని ఆపే బలం వాటికి లేదు. దడ మీకు తెలియకుండా కూడా వచ్చిపోతుంది." తర్వాత మెల్లగా, "మీ పథ్యం మాత్రం మంచిదే. ఆవిణ్ణి చాలా బాగా చూసుకున్నారు," అంది. డాక్టరమ్మ ఓదార్పుకే అన్నది. ఆ రోజు ఆయన విన్న మాటలన్నిట్లోకీ దాన్ని మోయడమే కష్టమైంది.

ఇంటికొచ్చారు. కిటికీ పక్కన కుర్చీ తీసి మంచం వేశారు. ఆవిడ ఎడమ చెయ్యి బాగానే ఉంది. ఆ చేత్తో దుప్పటి అంచు కుట్టుని తడుముతూ పడుకునేది. రక్తం బిళ్ల మళ్లీ మొదలైంది. పూటపూటా మాస్టరే వేసేవాడు. చెంచాలో పెట్టి నోటి దగ్గరికి తెస్తే ఆవిడ నోరు తెరిచేది. ఏంటిదని అడగని నోరు. గిన్నెలో సూప్ తెచ్చినా అంతే. ఎన్నో మాటలు వచ్చే చోట ఏమీ రాకపోతే, ఆయనే ఒకసారి, "కూరగాయల స్నానం నీళ్లే ఇవి," అన్నాడు. అన్నాక గిన్నె పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకి ఆయన ఒకటి గమనించాడు. బిళ్లల అట్ట కనపడినప్పుడల్లా ఆవిడ ఎడమ చేత్తో దాన్ని చూపించి, అదే చేత్తో తన నుదురు కొట్టుకునేది. తెల్ల పట్టు ముక్కొకటి బల్ల కింద కనిపిస్తే దాన్ని చూపించి మళ్లీ కొట్టుకుంది. కళ్లు ఆయన వంక దీనంగా, తప్పు చేసిన పిల్లలా.

వంటగదిలో అక్కగారితో అన్నాడు. "అది తన తప్పనుకుంటోంది వదినా. పని కోసం బిళ్ల మాని ఇలా తెచ్చుకున్నానని."

"అనుకోనీ."

"నా సీసాల వల్ల రక్తం కారిందని దానికి తెలీదు. నాకు తెలుసు. చెప్తాను."

"చెప్తే చెయ్యి లేస్తుందా మరిదీ? మాటొస్తుందా? నోరున్న మనిషైతే తిట్టిపోస్తుంది, ఏడ్చి తేల్చుకుంటుంది. అది ఎక్కడ పెట్టుకోవాలి ఆ మాటని?"

"గుడ్డ తప్పు కోస్తే మనమే ముందు చెప్పాలి కదా. కుట్టినవాళ్ల మీదికి నెట్టకూడదు."

"అది గుడ్డ కాదయ్యా," అంది అక్కగారు. ఆయన్ని మాత్రం ఆపలేదు.

మధ్యాహ్నం ఆవిడ మెలకువగా ఉన్నప్పుడు మంచం పక్కన స్టూలు వేసుకుని చెప్పాడు. సీసాల పేర్లు చెప్పాడు. డాక్టరమ్మ అన్నదంతా, తన వైపు ఏమీ లూజు వదలకుండా చెప్పాడు. అడుగుదామా అని నువ్వన్నావు, వద్దన్నది నేను, అన్నాడు. క్షమించమని అడగలేదు. ఆ మాటకి బదులు రావాలి. బదులివ్వలేని మనిషిని ఎలా అడగడం? ఆవిడ ఆయన కళ్లలోకే చూస్తూ విన్నది. మొహంలో సగమే కదులుతుంది, ఆ సగం కూడా కదలలేదు. చెప్పడం అయ్యాక చాలాసేపటికి ఎడమ చెయ్యి దుప్పటిలోకి లాక్కుంది. నుదురు మాత్రం కొట్టుకోలేదు.

సాయంత్రం చెంచాలో బిళ్ల పెట్టి తెచ్చాడు. ఆవిడ పెదవులు మూసుకుంది.

"వేసుకోవే."

మొహం గోడవైపు తిప్పింది.

"ఇది నాది కాదే. డాక్టరమ్మ ఇచ్చిందే. చూడు, అట్ట చూడు." అట్ట తెచ్చి చూపించాడు. పెట్టె తెచ్చి చూపించాడు. చెంచా అటు పక్కకి తెస్తే మొహం ఇటు తిప్పింది. ఇంకోసారి తెస్తే ఎడమ చేత్తో నెట్టింది. బిళ్ల నేలమీద పడి దొర్లింది. ఆయన మోకాళ్ల మీద వంగి బల్ల కింద వెతికి, దొరకక, ఇంకోటి తీసుకొచ్చాడు. ఈ ఒక్కటీ మానినందుకే కదా ఇంతదాకా వచ్చింది. పూట దాటిపోతోంది.

చివరికి పిలిచాడు. "వదినా."

అక్కగారు వచ్చి చెంచా అందుకుంది. మంచం మీద కూర్చుని చెల్లెలి జుట్టు వెనక్కి నిమిరింది. ఆవిడ నోరు తెరిచింది.

అప్పటి నుంచి అలాగే. అన్నం ఆయన వండిందే, ఉప్పు ఆయన వేసినంతే. బిళ్ల మాత్రం ఆయన చేతి నుంచి పుచ్చుకోదు. వేళకి సొరుగు తీసి, అట్టలోంచి బిళ్ల తీసి, చెంచాలో పెట్టి, గ్లాసులో నీళ్లు పోసి, గుమ్మం దాకా తెస్తాడు. అక్కడ అక్కగారు అందుకుంటుంది.

"నేను తెచ్చానని చెప్పకు వదినా."

"చెప్పను."

గుమ్మం ఇవతల, గోడకి చేరగిలబడి నిలబడతాడు. గదిలో కింద వీధి చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

"మింగిందా?"

"మింగింది."

"నీళ్లు?"

"తాగింది మరిదీ. వెళ్లు, వెళ్లి నువ్వు కాస్త తిను."

సరేనంటాడు. వెళ్లడు.